గోడవారగా రెండడుగులు

తివాచీ కొనడమంటే కొట్టుకెళ్ళి, రంగు ఎంచుకుని, డబ్బు చేతిలో పెట్టి ఇంటికొచ్చేయడమే అనుకునేవాళ్ళు లోకంలో బోలెడుమంది. వాళ్ళని చూసి నవ్వే హక్కు మనకెవరికీ లేదు. కొనేదాకా అందరం ఆ మందలోవాళ్ళమే. ఈ కథలో కోడలైతే ఇంకాస్త ముందుకెళ్ళి, కాగితం మీద లెక్క కూడా కట్టేసుకుంది.

హాలు పద్నాలుగడుగుల వెడల్పు, పదిహేను పొడవు. అత్తగారి గది పది వెడల్పు, అదీ పదిహేను పొడవే. పొడవుని వెడల్పుతో గుణించి, కొట్టు అద్దం మీద రాసిన ధరతో మళ్ళీ గుణించింది. వచ్చిన మొత్తాన్ని గౌన్లలోకి మార్చుకుంది. ఆవిడ దర్జీ. బస్టాండు వెనక వీధిలో ఒక దుకాణంలో వెల్వెట్ గౌన్లు కుడుతుంది. ఏ ఖర్చొచ్చినా అది ఎన్ని గౌన్ల కూలి అని చూడటం ఆవిడకి అలవాటు. తివాచీ పది గౌన్లు. నాలుగేళ్ళుగా దాచిన డబ్బు పదమూడు గౌన్లు. ఇంకా మూడు గౌన్లు మిగులుతాయని మురిసిపోయింది పిచ్చితల్లి.

ఆ మురిపెం ఊరికే కాదు. ఇంట్లో ఉన్న తివాచీ ఇరవై రెండేళ్ళది, ఇల్లు కొన్నప్పుడు ఇంటితోపాటు వచ్చింది. దాని రంగేమిటో ఎవరూ తేల్చలేకపోయారు. భర్త ఆకుపచ్చ అంటాడు, కోడలు బూడిదరంగు అంటుంది. సెలవు రోజుల్లో గౌను సరిచూసుకోవడానికి ఇంటికొచ్చే ఆడవాళ్ళు దాని మీద పాదం పూర్తిగా ఆనించకుండా మునివేళ్ళ మీద నిలబడుతుంటే, కోడలికి తల కొట్టేసినట్టుండేది.

అడ్డుపుల్ల అత్తగారు. నాలుగేళ్ళనుంచీ ఒకటే పాట, ఎందుకమ్మా దండగ, ఇంకా పదేళ్ళొస్తుంది అని. ఆవిడకి ఇలాంటి పట్టుదలలు మరికొన్ని ఉన్నాయి. తన గది గుమ్మం నుంచి వంటింటి గుమ్మం దాకా ఉన్న గోడవారన పూచికపుల్ల కూడా ఉండకూడదు, గోడకి గాలాడాలట. కోడలు ఒకసారి కుట్టుమిషను అక్కడ పెడితే, అది తీసేదాకా రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఉప్పుడబ్బా జరిపితే కోపం. పూటపూటకీ టీ మాత్రం తనే పెట్టాలి, తనే ట్రేలో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుని తెచ్చివ్వాలి. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి, చేతికి పని తగ్గిద్దామని కోడలు లేచిందా, కూర్చోమని ఒక్క చూపు చూసేది.

కోడలు మంచిదే గానీ, మనిషే కదా. అత్తగారు పిసినారి, ఆపైన మొండి అని మనసులో ఎప్పుడో ముద్ర వేసేసింది.

సరే, కొట్టుకెళ్ళింది. నమూనా ముక్కలు తిరగేసి తిరగేసి, చివరికి నిండు గోధుమరంగులో నూగు ఒత్తుగా ఉన్న రకం పట్టుకుంది. కొట్టతను లెక్క వేసి కాగితం ఇటు తిప్పాడు. పద్దెనిమిది గౌన్లు. కళ్ళు బైర్లు కమ్మాయి. కింద పరిచే మెత్తకి వేరే, అంచుల్లో కొట్టే మేకుల పట్టీలకి వేరే, పాతది పీకి పారేయడానికి వేరే, సామాను జరపడానికి వేరే. కొత్తది ఎత్తుగా ఉంటుంది కాబట్టి తలుపుల అడుగు చెక్కాలి, దానికీ వేరే. అసలు సరుకే ఆవిడ లెక్కకి ఒకటిన్నర రెట్లుంది. అదేమిటని అడిగితే, ఇంటికొచ్చి కొలిచే మేస్త్రిని పంపిస్తాం, ఆయన చెప్తాడులెండి అని పంపించేశాడు.

ఆ మేస్త్రి మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. భర్త బస్సు నడుపుతాడు, సాయంత్రం గానీ రాడు. ఇంట్లో ఉన్నది అత్తాకోడళ్ళే. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. కొట్టులో ఆయన్ని మోకాళ్ళ మేస్త్రి అంటారు, ఎందుకో గుమ్మం దాటగానే తెలిసిపోయింది. మోకాళ్ళకి తోలు తొడుగులు బిగించి కిందకి దిగాడు, ఇక లేవలేదు. టేపు పట్టుకుని గది మొత్తం మోకాళ్ళ మీదే తిరిగాడు, అదీ మనం నడిచేదానికంటే చురుగ్గా.

కోడలు తన లెక్కల కాగితం చూపించింది. ఆయన చూసి, మీరేం పని చేస్తారమ్మా అని అడిగాడు. వెల్వెట్ కుడతానని చెప్పగానే ఆయన మొహంలో నవ్వు దాగలేదు.

"గౌను గుడ్డ కూడా ఇలాగే గుణించి కొంటారా అమ్మా, ఒంటి పొడవూ వెడల్పూ చూసి?"

కోడలు నాలుక కరుచుకుంది. గుడ్డకి పన్నా ఉంటుంది, నేతలో వచ్చే వెడల్పు. పన్నా ఎంతో తెలియకుండా గజం కూడా కొనకూడదని కొత్తగా చేరిన పిల్లలకి తనే చెప్తుంది. తివాచీకీ పన్నా ఉంటుందని తట్టలేదు. పన్నెండడుగులు, చుట్ట అంతే వస్తుంది, మేస్త్రి చెప్పాడు. హాలు పద్నాలుగు. పన్నెండు పరిస్తే రెండడుగులు తక్కువ. ఆ రెండడుగుల ముక్క కోసం కొట్టువాడు ఇంకో పదిహేనడుగుల చుట్ట లెక్క వేశాడు. పోనీ అడ్డంగా కోసి అతికిద్దామా అంటే కుదరదు. నూగు అంతా ఒకే వాలుకి పడుకోవాలి, లేకపోతే ఒక ముక్క తెల్లగా, ఒకటి నల్లగా కనబడుతుంది.

ఆ మాట కోడలికి చెప్పాల్సిన పనే లేదు. పనిలో చేరిన కొత్తలో ఒక గౌనుకి కుడిచెయ్యి తలకిందులుగా కత్తిరించింది. అదే గుడ్డ, అదే రంగు, కానీ దీపం కింద ఆ చెయ్యి వేరే గౌనుదిలా కనబడింది. అది కుట్టించుకున్నావిడ నలుగురిలో నిలబెట్టి కడిగేసింది. పన్నెండేళ్ళయినా ఆ చెయ్యి తలుచుకుంటే కోడలికి చెవులు వేడెక్కుతాయి.

మేస్త్రి పెన్సిలుతో కాగితం వెనక రెండు పెట్టెలు గీశాడు. అత్తగారి గది పదికి బెత్తెడు తక్కువ. పన్నెండడుగుల పన్నాలో అది కోయగా పక్కన రెండడుగుల పైచిలుకు పట్టీ మిగులుతుంది. పొడవు పదిహేను. దాన్ని తెచ్చి హాల్లో గోడవారన వేస్తే సరిగ్గా సరిపోతుంది, నూగు వాలు కూడా కలుస్తుంది. మూడో చుట్ట అక్కర్లేదు. అన్నీ కలిపి పదమూడు గౌన్లు.

కోడలు నోరెళ్ళబెట్టింది. పన్నెండేళ్ళుగా గుడ్డతో కాపురం చేస్తున్న తనకి తట్టని కత్తిరింపు ఈయన మోకాళ్ళ మీద కూర్చుని అరనిమిషంలో తేల్చేశాడు. దాచిన డబ్బుకీ ఖర్చుకీ అణా పైసల్తో సహా సరిపోయింది. ఆవిడకి ఆయన కాళ్ళకి దండం పెట్టాలనిపించింది, కానీ ఆ కాళ్ళు తోలు తొడుగుల్లో ఉన్నాయి.

మేస్త్రి పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. పాత తివాచీ మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా తడుముతూ వెళ్ళాడు. అలవాటుగా చూస్తానమ్మా, నేల చెప్పేస్తుంది అన్నాడు. కుర్చీ దగ్గర రెండు గుంటలు చూపించి, ఇక్కడ కూర్చునేవారు మడమలతో నేలని తొక్కుతూ ఉంటారు, రోజంతా కాళ్ళతో చేసే పని అయ్యుంటుంది అన్నాడు. అది భర్త కుర్చీ. గుమ్మం నుంచి ఆ కుర్చీకి ఏటవాలుగా అరిగిన దారి ఆయనదే. కిటికీ దగ్గర సన్నసన్న కోతలు చూసి, సూదులు రాలేది ఇక్కడ అన్నాడు. కోడలు తన కాళ్ళ కిందకి చూసుకుంది. ఇరవై రెండేళ్ళ కాపురం కింద పరిచి ఉంటే, దాని మీద చీపురు తిప్పిందే తప్ప ఏనాడూ చూడలేదు.

చివరికి గోడవారకి వచ్చాడు. అక్కడ చాలాసేపు ఉన్నాడు. తర్వాత గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"ఈ ఇంట్లో చూపు లేనివాళ్ళెవరమ్మా?"

ఎవరూ లేరంది కోడలు. ఆయన వేలితో చూపించాడు. మనుషులు ఎక్కడైనా మూల కోసి ఏటవాలుగా నడుస్తారు. ఈ దారి అలా లేదు. గోడకి జానెడు దూరంలో, స్కేలు పెట్టి గీసినట్టు, వంటింటి గుమ్మం నుంచి ఆ గది గుమ్మం దాకా ఒకటే గీత. మధ్యలో ఒక్కచోట మూలమట్టం పెట్టినట్టు బల్లవైపు తిరుగుతుంది. తిరిగేచోట రెండు పాదాలూ ఆగిన గుంటలు, పక్కపక్కన. నూగు పైపైన అరగలేదు, బొటనవేలు ఈడ్చి వెతికినట్టు పాయలు తీసి ఉంది. నలభై ఏళ్ళలో ఇలాంటి దారి రెండుసార్లే చూశానన్నాడు.

వంటింట్లో కప్పుల చప్పుడైంది. అత్తగారు టీ తెస్తున్నారు.

మేస్త్రి పనిముట్ల సంచి గోడవారనే ఉంది, ఆ గీత మీద. ఆయన రెండు చేతులా దాన్ని లేపి చప్పుడు కాకుండా ఒళ్ళోకి తీసుకున్నాడు. అత్తగారు రెండు చేతుల్లో ట్రే, ట్రేలో పొగలు కక్కే మూడు కప్పులు, తల నిటారుగా పెట్టుకుని నడిచి వచ్చారు. కోడలు జీవితంలో మొదటిసారి ఆవిడ పాదాల వంక చూసింది. బొటనవేలు ముందుకెళ్ళి, గీతని పలకరించి, తర్వాత పాదం పడుతోంది. గుంటల దగ్గర పాదాలు ఆగాయి. తిరిగాయి. మూడడుగులు. ట్రే బల్ల మీద దిగింది, ఒక్క చుక్క తొణకలేదు.

"తీసుకోండి మేస్త్రిగారూ," అన్నారు అత్తగారు నవ్వుతూ, ఖాళీ కుర్చీతో.

మేస్త్రి కిందనుంచి జవాబు చెప్పలేదు. మోకాళ్ళ మీదే గబగబా వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాక, చాలా బాగుందమ్మా టీ అన్నాడు. ఇంకా తాగనే లేదు.

కోడలికి ఒక్కొక్కటీ గుర్తొచ్చి గుండెలో పొడిచాయి. నీ గొంతు బాగుంటుంది, నువ్వే చదువమ్మాయ్ అని పేపరు చేతికివ్వడం. రెండేళ్ళ కింద గుండీలు కుట్టడం మానేసి, విసుగేస్తోందనడం. ఉప్పుడబ్బా. కుట్టుమిషను. పిసినారి అని, మొండి అని తను వేసిన ముద్ర. సిగ్గుతో చచ్చిపోయింది.

దాచిపెట్టే ఓపిక లేక, అత్తగారి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని అడిగేసింది. ఎప్పట్నుంచి అత్తయ్యా అని. అత్తగారు ట్రే అంచు తడిమారు. ఆరేళ్ళయిందట. ముందు మబ్బులా ఉండేదట, ఇప్పుడు వెలుగూ చీకటీ తప్ప ఏమీ లేదు. మోకాలి నొప్పని చెప్పి వెళ్ళింది కంటి డాక్టరు దగ్గరికే. నరం ఎండిపోయింది, ఇక మందు లేదన్నాడు.

"చెప్తే ఏం చేసేవాళ్ళు? కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళు కూడా నోటికందించేవాళ్ళు. మీ ప్రేమ నాకు తెలీదా? కానీ అమ్మాయ్, ఈ ఇంట్లో నా చేత్తో నేను చేసేది ఆ టీ ఒక్కటే. గోడ పట్టుకుని నడిస్తే ట్రే పట్టుకోలేను. అందుకని కాళ్ళకి నేర్పుకున్నాను."

అయితే ఈ తివాచీ ఇలాగే ఉంటుంది, కొత్తది మనకొద్దు అంది కోడలు. నాలుగేళ్ళ కోరికని ఒక్క ముక్కలో వదిలేసింది. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. తిరిగే చోట తివాచీ అంచెత్తి అడుగు చూపించాడు. పీచులో నాలుగు పోగులు మిగిలాయి, అంతే. ఆర్నెల్లు ఆగదట. ఏదో ఒక రోజు బొటనవేలు ఆ చిరుగులో ఇరుక్కుంటుంది, చేతిలో వేడి టీ ఉంటుంది. ఉంచితే పడిపోతారు, తీస్తే దారి పోతుంది.

టీ చల్లారిపోయింది.

కోడలి చెయ్యి తనకి తెలియకుండానే నమూనా ముక్కని నిమురుతోంది. దర్జీ చెయ్యి అది, గుడ్డ దొరికితే ఊరుకోదు. ఇటు నిమిరితే జారిపోతోంది. అటు నిమిరితే వేళ్ళకి ఎదురొస్తోంది. ఇటు, అటు. ఉన్నట్టుండి ఆ చెయ్యి ఆగింది.

రెండో నమూనా ముక్క తీసి, దాని పక్కన తలకిందులుగా పెట్టింది. అత్తగారిని లేచి వాటి మీద నిలబడమంది. అత్తగారు ఒక పాదం దీని మీద, ఒకటి దాని మీద ఆనించి, బొటనవేళ్ళు కదిపి, ఆగిపోయారు. మొహం విచ్చుకుంది.

"ఇది దారి ఇస్తోంది. ఇది ఎదురు తిరుగుతోంది. వేరేవేరే కార్పెట్లా ఇవి?"

ఒకటే అత్తయ్యా అని, కోడలు మేస్త్రి వైపు తిరిగింది. గోడవార రెండడుగుల పట్టీ తలకిందులుగా వేయండి అంది. ఆయన విన్నదేమిటో అర్థమయ్యేసరికి మొహం మాడిపోయింది. నలభై ఏళ్ళ సర్వీసులో నూగు తిరగేసి ఒక్క ముక్క వేయలేదట. పగటి వెలుగులో ఆ పట్టీ నల్లగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. వచ్చినవాడల్లా ఏ గుడ్డివెధవ వేశాడని అడుగుతాడు, అన్నాడాయన. అనేసి, అత్తగారు అక్కడే ఉన్నారని గుర్తొచ్చి నీళ్ళు నమిలాడు. అందరికంటే ముందు నవ్వింది అత్తగారే.

"మిమ్మల్నే కాదు, నన్నూ అంటారు మేస్త్రిగారూ," అంది కోడలు. "వెల్వెట్ కుట్టేదాని ఇంట్లో నూగు తిరగబడితే, ఇక నా దగ్గర గౌనెవరు కుట్టించుకుంటారు? అయినా వేయండి."

మేస్త్రి చాలాసేపు పెన్సిలు చెవి మీద పెట్టుకోవడం, తీయడం చేశాడు. చివరికి వేస్తానన్నాడు, కానీ ఒక మాట. ఏ తివాచీ వేసినా అడుగున నేల మీద పేరూ తారీఖూ రాయడం తమ పనివాళ్ళలో ఆనవాయితీ. ఈ పని మీద మాత్రం తన పేరు రాయడు. సరేనంది కోడలు.

వారం తర్వాత తెల్లారగానే వచ్చాడు. పాతది పీకుతుంటే అడుగున చెక్క మీద సుద్దతో ఎవరిదో పేరు, ఇరవై రెండేళ్ళ కిందటి తారీఖు బయటపడ్డాయి. మేస్త్రి ఒక్క క్షణం టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత పని చూడాలి ఆయన్ది. సాగదీసే పనిముట్టుని మోకాలితో ఒక్కో తన్ను తంతుంటే తివాచీ జానెడు జానెడు సాగి మేకుల్లో కూర్చుంటోంది. కోత పడ్డచోట వెంట్రుకవాసి కూడా తేడా లేదు. కోడలు పని మానేసి గుమ్మంలో నిలబడి కళ్ళప్పగించి చూసింది. కొట్టు కాగితం మీద కూలి అని ఉన్న అంకె ఎక్కువనుకున్నందుకు మనసులో లెంపలేసుకుంది.

గోడవార పట్టీ వేసేముందు మేస్త్రి దాన్ని రెండు ముక్కలు చేశాడు. కోడలు కంగారుపడితే, అమ్మగారు తిరిగేచోట అతుకు ఉండాలి కదమ్మా, కొంచెం ఎత్తుగా పెడతాను, కాలికి తెలుస్తుంది అన్నాడు. నడిచే దారిలో అతుకు పెట్టడం ఆయన వృత్తిలో రెండో మహాపాపం. అది ఆయనే చెప్పాడు, ఎవరూ అడగకుండా.

తర్వాత జేబులోంచి సుద్దముక్క తీసి, నేల మీద వంగి ఏదో రాసి, మెత్త పరిచేయబోయాడు. కోడలు వంగి చదివింది. పేరుంది. తారీఖుంది. కింద ఇంకో వరస ఉంది. "ఈ పట్టీ తిరగేసి వేసింది పొరపాటున కాదు. ఇంట్లో అవసరం. ఈసారి వేసేవాళ్ళు కూడా ఇలాగే వేయండి." ఇంకో పాతికేళ్ళకి ఏ ఊరివాడో, ఎవరో తెలియని పనివాడికి రాసిన ఉత్తరం అది. కోడలికి కళ్ళలో నీళ్ళు ఆగలేదు. మేస్త్రి చూడనట్టు మెత్త పరిచేశాడు.

సాయంత్రం దాకా అత్తగారు ఆ పట్టీ మీద తిరుగుతూనే ఉన్నారు. మొదట ఖాళీ చేతుల్తో, తర్వాత ఖాళీ ట్రేతో, తర్వాత నీళ్ళు పోసిన కప్పులతో. రెండుసార్లు తడబడ్డారు. కోడలు పంటి బిగువున కూర్చుని ఉండిపోయింది, పట్టుకోవడానికి లేవలేదు. కొడుక్కి మాత్రం చెప్పకే అని ఒట్టు వేయించుకున్నారు ఆవిడ.

భర్త చీకటిపడే వేళకి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడిపోయి, ఇది మన ఇల్లేనా అన్నాడు. చెప్పులు బయటే విప్పి, లోపలికొచ్చి, అరికాళ్ళతో నాలుగు దిక్కులా తొక్కి చూసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. అంతలో దీపం వెలుగులో గోడవార కనబడింది. భోజనం సంచి అక్కడే కింద పడేసి నడుమ్మీద చేతులు పెట్టుకున్నాడు. మేస్త్రి ముక్క తిరగేసి తగలేశాడు, పైగా మధ్యలో అతుకొకటి, పదమూడు గౌన్లు పోసి ఈ దరిద్రమా, నువ్వెలా ఊరుకున్నావని కోడలి మీద లేచాడు. రేపే కొట్టుకెళ్ళి పీకించి మళ్ళీ వేయిస్తానన్నాడు. నేనే అలా వేయించానంది కోడలు. నీకు పిచ్చా అన్నాడు. ఆవిడ దగ్గర జవాబు లేదు, ఒట్టు ఉంది.

వంటింటి గుమ్మంలో అత్తగారు. రెండు చేతుల్లో ట్రే, పొగలు కక్కే కప్పులు.

కోడలికి పై ప్రాణాలు పైనే పోయాయి. చూపు సంచి మీద పడింది, అత్తగారి పాదాల మీద పడింది, మళ్ళీ సంచి మీద పడింది. లేవబోయి ఆగింది. భర్త ఆ చూపు వెంట చూశాడు. సంచి. నల్లగా తిరగబడ్డ పట్టీ. దాని మీద బొటనవేలితో దారి అడుగుతూ వస్తున్న తల్లి పాదం. ఆ తర్వాత తల్లి కళ్ళు, ఎదురుగా ఉన్న కొడుకుని దాటి ఎటో చూస్తున్నాయి.

వంగాడు. సంచిని రెండు చేతులా లేపి, చప్పుడు కాకుండా గుండెకి హత్తుకుని పట్టీ దిగి పక్కకి ఒదిగాడు. తల్లి ఆయన పక్కనుంచి, జానెడు దూరంలోంచి, నడిచి వెళ్ళింది. అతుకు దగ్గర ఆగింది. తిరిగింది. మూడడుగులు. ట్రే దిగింది.

"కొత్తది ఎలా ఉందిరా?" అని అడిగింది ఆయన కుర్చీని.

ఆయన సంచిని పట్టీకి దూరంగా మెల్లగా దింపాడు. కళ్ళు తుడుచుకుని, మునివేళ్ళ మీద నడిచి వెళ్ళి, ఆ కుర్చీలో కూర్చున్నాడు.

"బాగుందమ్మా," అన్నాడు. "టీ ఇవ్వు."